రాజం మొలతాడు తాళంచెవి

రాజం మొలతాడుకు ఒక ఇత్తడి తాళంచెవి ఉండేది. ఆ ఇంట్లో దానితో తెరుచుకునేది ఏదీ లేదు. బీరువాకు వేరేది, ట్రంకుపెట్టెకు వేరేది. వీధి తలుపుకైతే గడియే తప్ప తాళమే లేదు. చిన్నప్పుడు భూపాల్ తండ్రి పక్కన చేరి దాన్ని వేళ్ల మధ్య తిప్పుతూ "ఇది దేనిది బాపూ?" అని అడిగేవాడు.

"బాయిలదిరా" అనేవాడు రాజం. ఇంకో మాట అడిగితే అటు తిరిగి పడుకునేవాడు.

దారం పాతబడితే కొత్త మొలతాడు కట్టుకునేవాడు. తాళంచెవి మాత్రం పాత దారం మీంచి కొత్త దారం మీదికి ఎక్కేది.

గోదావరిఖని బొగ్గు బావుల్లో రాజం ఇరవై ఎనిమిదేళ్లు టింబర్ పని చేశాడు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టడమే ఆ పని. ఎవరింటికి వెళ్లినా ముందు పైకి చూసేవాడు. పెళ్లి పందిట్లో కూడా గుంజ మీద చెయ్యి వేసి ఓసారి ఊపి చూశాకే కింద కూర్చునేవాడు. "నీకేమన్న బీమారా, అందరూ నవ్వుతున్నరు" అని భార్య విసుక్కునేది. ఆమె పోయాక విసుక్కునేవాళ్లు లేరు, ఊపి చూడటం మాత్రం పోలేదు. ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుని, ఇంకా ఐదేళ్ల సర్వీసు ఉండగానే డ్యూటీ దిగిపోయాడు. క్వార్టరు ఖాళీ చేసి ఊరి చివర రేకుల ఇల్లు కట్టుకున్నాడు. మధ్యాహ్నం దగ్గరి ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ పెడితే ఆ రేకులు గలగలమనేవి, అటక మీద గిన్నెలు కదిలేవి. రాజం మంచం మీద కూర్చునే ఉండి పైకి చూసేవాడు.

తండ్రి ఉద్యోగం కొడుకుకు వచ్చే రోజులు అప్పటికే పోయాయి. భూపాల్ డిప్లొమా మధ్యలో ఆగింది. లక్ష్మీనగర్‌లో ఒక నెట్ సెంటర్లో కూర్చునేవాడు. పత్రికలతో పాటు ఉచితంగా వచ్చే, కంప్యూటరును నడిపే లినక్స్ సీడీలను పడేయకుండా దాచుకుని, రాత్రీ పగలూ కాదు గానీ ఖాళీ దొరికినప్పుడల్లా వాటిని విప్పి చూసేవాడు. అడగడానికి ఎవరూ లేరు. తప్పు చేసి, ఎందుకు తప్పయిందో వెతికి, మళ్లీ చేసి నేర్చుకున్నాడు. పదేళ్లకు అది బతుకుతెరువైంది. చుట్టుపక్కల ఊళ్లలో ఎక్స్‌రే సెంటర్లు, రక్త పరీక్షల ల్యాబులు, వాటిలో పాత కంప్యూటర్లు. వాటికి కావలసిన ప్రోగ్రాములను ప్యాకేజీలుగా కట్టి, సీడీలోకి ఎక్కించి, వెళ్లి పెట్టి వచ్చేవాడు.

ఆ ల్యాబుల్లో రామకృష్ణాపూర్‌ది ఒకటి. దాన్ని నడిపే సంధ్యారాణికి ముప్పై ఏళ్లు ఉంటాయి. ఆమె సంగతి మొదట చెప్పింది రాజమే. "గా పిల్ల కొత్తగ ల్యాబు పెట్టిందట. పోయి చూసి రా. ఆమె పని ఎన్నడూ ఆలస్యం చెయ్యకు" అన్నాడు. ఆమె మనకు చుట్టమా అంటే, "చుట్టం కాదు. పోశం బిడ్డ" అన్నాడు. పోశం అంటే తండ్రితో పాటు పనిచేసి, పైకప్పు కూలి చనిపోయిన మనిషని భూపాల్‌కు తెలుసు. తాగి బావిలోకి దిగాడని, దిమ్మె పెట్టకుండా కప్పు కిందికి పోయాడని కాలనీలో చెప్పుకునేవారు. అంతకుమించి తెలియదు. రామకృష్ణాపూర్ వెళ్లి వచ్చిన ప్రతిసారీ రాజం మాత్రం అడిగేవాడు, "పిల్ల బాగుందా? వాళ్లమ్మ కనవడ్డదా?"

"నువ్వే ఒక్కసారి రారాదూ, చూస్తవు."

"నా దమ్ము బస్సెక్కనిస్తదా" అనేవాడు. కరీంనగర్ దవాఖానకు మాత్రం ఆ దమ్ముతోనే బస్సెక్కేవాడు.

రెండువేల పన్నెండు వానాకాలంలో సంధ్యారాణి ల్యాబుకు ఊపిరి ఊది చూసే మిషన్ వచ్చింది. గొట్టంలోకి గట్టిగా ఊదితే తెర మీద గీత లేస్తుంది. ఆ మిషన్ వెంట వచ్చిన ప్రోగ్రామును భూపాల్ ప్యాకేజీ కట్టాడు. ఆమె కంప్యూటరు పాతది కదా అని మొత్తం తుడిచి, కొత్తగా లినక్స్ వేసి, ముందు ఊపిరి ప్రోగ్రాము, తర్వాత ఎక్స్‌రే చూసే ప్రోగ్రాము ఎక్కించాడు. రెండూ ఎక్కడా ఆగకుండా ఎక్కాయి. ఊపిరి మిషన్ నడిపి చూశాడు, బాగుంది. బస్సు టైమవుతోందని ఎక్స్‌రేది తెరిచి చూడకుండానే వచ్చేశాడు.

తెల్లారి ఫోను.

"అన్నా, ఎక్స్‌రేది తెరుస్తలేదు. నొక్కితే మూసుకుంటున్నది. జైపూర్ మండలం కెల్లి ముసలోళ్లు వచ్చి కూసున్నరు. ఏం జెప్పాలె?"

"రేపు రమ్మను చెల్లె. ఇయ్యాల నేను చూస్త."

"రేపంటే వాళ్లకు మళ్ల బస్సు గదన్నా. ఒకాయన మెట్ల మీదనే ఆయాసపడుతున్నడు."

భూపాల్ ఇంట్లో ఇంకో పాత కంప్యూటరును ఖాళీ చేసి, అదే వరుసలో అవే ఎక్కించాడు. ఇక్కడా అంతే. తెర మీద ఒక వరుస వచ్చింది: ఫలానా లైబ్రరీ కనబడటం లేదు. లైబ్రరీ అంటే ముందే రాసిపెట్టిన కోడ్, ఇది గ్రాఫునూ ఫొటోనూ తెర మీదికి తెచ్చేది. చాలా ప్రోగ్రాములు కలిసి వాడుకునేది. కారణం దొరికేసరికి మధ్యాహ్నం దాటింది.

రాజం గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కొడుకు పని చేస్తుంటే చూడటం ఆయనకు అలవాటు. మిషన్‌లో ఏముందో తెలియకపోయినా కొడుకు మొహం చూసి అడిగేవాడు.

"ఎవరి పనిరా అది? అట్ల తల వట్టుకున్నవ్?"

"పోశం కాక బిడ్డది. నేనే ఖరాబు చేసిన."

రాజం కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "ఏం చేసినవ్? నాకు సమజయ్యేటట్టు చెప్పు."

భూపాల్ కాసేపు ఆలోచించి మొదలుపెట్టాడు. "ఒక్కో ప్రోగ్రామును ఒక మూట అనుకో బాపు. మూట కడుతుంటే దానంతట అదే ఒక చిట్టీ తయారైతది. ఈ మూటల ఏమేం ఉన్నయ్, బయట నుంచి దీనికి ఏమేం కావాలె, రెండూ ఆ చిట్టీల రాసి ఉంటయ్. కొత్త మూట వచ్చినప్పుడు కంప్యూటరు చిట్టీలు చూస్తది. నీకు కావలసింది ఇంకో మూటల ఉన్నదంటే, సరే, మళ్ల తెచ్చుడెందుకని ఊకుంటది."

"స్టోర్ లెక్క."

"ఆ, స్టోర్ లెక్కనే. ఇప్పుడు ఈ ఊపిరి ప్రోగ్రాము తనకు కావలసిన లైబ్రరీని తన అరలనే దాచుకున్నది. పాతది, తనకోసం మార్చుకున్నది. వేరేటోళ్లకు ఆ అర దారి తెల్వది. కానీ చిట్టీల మాత్రం ఆ లైబ్రరీ పేరు పడ్డది. ఎక్స్‌రే మూట వచ్చి, నాకది కావాలె అన్నది. కంప్యూటరు చిట్టీ చూసి, ఉన్నది పో అన్నది. అసలైంది తేలేదు. తీరా పనికి దిగితే దాని చేతికి ఏమీ అందలేదు."

రాజం "చిట్టీల రాసిందెవరు?" అన్నాడు.

"ఎవరూ రాయలే. అదే చూస్కుంటది, అదే రాస్కుంటది. రాయొద్దని నేను చెప్పాలె. చెప్పలే."

అప్పుడే బ్లాస్టింగ్ అయింది. రేకులు గలగలమన్నాయి. రాజం పైకి చూడలేదు. భూపాల్‌కు అది వింతగా అనిపించింది గానీ, అవతల ముసలివాళ్లు ఎదురుచూస్తున్నారన్న తొందరలో పట్టించుకోలేదు. చిట్టీ రాసే పనినే మొత్తంగా ఆపేస్తూ ఒకే ఒక వరుస పెట్టి, ప్యాకేజీ మళ్లీ కట్టాడు. మార్పులు రాసే చోట 'చిన్న సవరణ' అని రాశాడు. ఖాళీ మిషన్ మీద ఎక్కించాడు. చప్పుడు లేకుండా ఎక్కింది. ఎక్స్‌రేది ఎక్కించాడు. తెరుచుకుంది. అమ్మయ్య అనుకుని ఊపిరి ప్రోగ్రాము నొక్కితే ఈసారి అది తెరుచుకోలేదు.

"మళ్లేమైంది?"

"తొందరపడ్డ. చిట్టీనే బంద్ చేసిన. దీనికి బయట నుంచి కావలసినవి కూడా చిట్టీల లేకుంట పోయినయ్. ఏమీ అడగకుంట ఎక్కింది, ఇప్పుడు లేస్తలేదు."

"అంత మూసుడెందుకురా?" రాజం గొంతు పెద్దదైంది. వెంటనే దగ్గు వచ్చింది. దగ్గు ఆగాక అన్నాడు, "ఒక్కటి దాయాలంటే ఒక్కటే దాయాలె. ఏమీ చెప్పకపోతే ఎట్ల? మేం గూడ గట్లనే చేసినం."

"మీరేం చేసిన్రు?"

రాజం అంగీ ఎత్తి మొలతాడు చూపించాడు. "ఇది దేనిదని అడుగుతుండె గద నువ్వు."

తర్వాత మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది, ఊపిరి అందినంత మేర.

అప్పట్లో కప్పు కింద దిమ్మె కొట్టే ముందు, మర తిప్పితే లేచే ఇనుప దిమ్మె ఒకటి ఆనించేవారు. దాని అండలో నిలబడి కర్ర దిమ్మె పెట్టేవారు. స్టోర్‌లోని ఇనుప దిమ్మెలకు మరలు అరిగిపోయి జారేవి. రాజం గ్యాంగు ఆరుగురు కలిసి రెండింటికి లేత్ షాపులో కొత్త మరలు కోయించుకున్నారు. వేరే షిఫ్టువాళ్లు పాడుచేస్తారని బొగ్గు గోడలో గూడు తొలిచి, పలకల తలుపు పెట్టి, తాళం వేశారు. తాళంచెవి రాజం దగ్గర. అట్లా సొంతంగా దాచుకోవడం తప్పే, కానీ ప్రతి గ్యాంగుకూ ఏదో ఒక గూడు ఉండేది.

"కొత్త క్లర్కు వచ్చిండు. బాయిల ఉన్న సామానంత లెక్క రాస్కుంట నడుస్తున్నడు. ఆ తలుపెనుక ఏమున్నదన్నడు. మా సైడు రెండు మంచి దిమ్మెలున్నయ్, రాస్కో సారూ అన్న. గొప్పకు పోయిన. మాదాంట్ల ఉన్నంత మంచియి ఎవరికాడ లేవని. ఆయన రాసిండు. తాళం ఉన్నదని రాయలే. నేను చెప్పలే."

వారం తర్వాత మొదటి షిఫ్టు దిగి రాజం ఇంటికి వచ్చాడు. రెండో షిఫ్టు పోశం గ్యాంగుది. పోశం స్టోర్‌కు వెళ్లి ఇనుప దిమ్మె అడిగాడు. రిజిస్టరు చూసి, కింద రెండున్నాయి, ఇక్కణ్నుంచి మోసుకుపోవడం ఎందుకన్నారు.

"నేను ఇంట్ల అన్నం తింటున్న. సైరన్ మోగింది. ఇది నా నడుముకే ఉన్నది."

భూపాల్ చేతులు కీబోర్డు మీదే ఉండిపోయాయి. "మరి విచారణల..."

"గూడు సంగతి ఎత్తొద్దని ఆరుగురం ఒట్టేసుకున్నం. ఎత్తితే ఆరు నౌకర్లు పోతయ్. సార్లు వచ్చేలోపల దిమ్మెలు తీసి, తలుపు ఊడబీకి పాత గుంతల వడేసినం. మాకు తెల్వదన్నం. పోశం నిర్లక్ష్యమని రాసిన్రు. ఎవడో తాగి ఉండెనన్నడు. కాదని మేమనలే. ఆరుగురిల నేనొక్కన్నే మిగిలిన."

ఆ రోజు రాజం అన్నం ముట్టలేదు. భూపాల్ మళ్లీ కూర్చుని, ఆపేసిన చిట్టీని తిరిగి తెరిచాడు. ఈసారి మూడు వరుసలు రాశాడు. ఈ అరలో ఉన్నదాన్ని బయట చాటవద్దు. ఆ ఒక్క పేరు కోసం బయట అడగవద్దు. పై రెండూ అమలు చెయ్యి. మిగతావన్నీ చిట్టీలో యథాతథంగా ఉంటాయి. ప్యాకేజీ కట్టి, తుడిచిన మిషన్ మీద ఎక్కించి, ఈసారి రెండు ప్రోగ్రాములనూ తెరిచి చూశాడు. రెండూ లేచాయి.

"రేపు పొద్దున పోతున్న" అన్నాడు.

"నేనూ వస్త" అన్నాడు రాజం.

ఆటో మాట్లాడుకుని గోదావరి బ్రిడ్జి దాటారు. నీళ్లు ఎర్రగా పారుతున్నాయి. దారి పొడుగునా రాజం ఒక్క మాటే మాట్లాడాడు: "ఆమెకాడ నువ్వు నోరు తెరవకు. నేను చెప్పాలె."

ల్యాబు ముందు గదిలో ఉంది, వెనక ఇల్లు. భూపాల్ ప్యాకేజీ మార్చేసరికి అరగంట పట్టింది. ఎక్స్‌రే తెరుచుకోగానే సంధ్యారాణి నవ్వింది. "ఏమైందన్నా అసలు?"

"నా తప్పు చెల్లె. మిషన్‌ది కాదు."

"గంత సూటిగ ఒప్పుకునేటోన్ని నిన్నే చూస్తున్న. అందరూ వైరస్ అంటరు."

లోపల వాళ్లమ్మ లస్మవ్వ చాట ముందు పెట్టుకుని బియ్యం ఏరుతోంది. పోశం పోయాక కాలనీలో ఊడ్చే పని ఇస్తే, అదే చేసి బిడ్డను చదివించింది. రాజాన్ని చూసి ముందు పోల్చలేదు. పోల్చాక, "గిట్లయినవేంది రాజం, కర్రపుల్లలెక్క" అని పీట జరిపింది. రాజం అలవాటు కొద్దీ పైకి చూశాడు. కూర్చున్నాడు.

"వదినె, ఆ రోజు పోశన్న తాగి దిగలే."

ఆమె చేతులు ఆగాయి. "ఇప్పుడెందుకది?"

రాజం చెప్పాడు. గూడు, క్లర్కు, తాళం, ఒట్టు. మధ్యలో రెండుసార్లు ఊపిరి ఆగిపోతే భూపాల్ చెప్పబోయాడు. రాజం చేత్తో వారించాడు. సంధ్యారాణి తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. ముందు గదిలో ఎవరో "అమ్మా, ఊదమంటరా?" అని పిలుస్తున్నా కదల్లేదు.

అంతా విని లస్మవ్వ ఒక్కటే అడిగింది. "ఆయన దిమ్మె అడిగిండా?"

"అడిగిండు. కిందికొచ్చి గూటి తాళం గుంజి చూసిండట. రాజం ఇంటికి మనిషిని పంపుదాం, తాళంచెవి తెస్తడన్నడట. అంతసేపు ఆగుతమా అని పైనోళ్లు మొత్తుకున్నరు. ఎంబడున్న మజ్దూరు నాకు చెప్పిండు. అతను గూడ పోయిండు."

రాజం మొలతాడు ముడి విప్పబోయాడు. అది బిగుసుకుపోయి రాలేదు. భూపాల్ వంగి విప్పాడు. తాళంచెవి లస్మవ్వ ముందు చాట అంచున పెట్టాడు రాజం.

ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"ఇరవై ఐదేండ్లు" అంది. "ఇరవై ఐదేండ్లు ఆయన్ని తిట్టుకుంట బతికిన. ఈ పిల్లకు అన్నం పెట్టినప్పుడల్ల, మీ నాయిన తాగకుంటే మనకీ గతి లేకుండె అన్న. పెత్రామాసకు అందరు పెద్దలకు కల్లు పోస్తరు. నేను పొయ్యలే. తాగే సచ్చిండు గద, ఇంకేం పోసేదని చెంబుల నీళ్లు పెట్టిన. ఆ మాటలన్ని ఇప్పుడు ఏడికి పంపాలె, రాజం?"

రాజం తలవంచుకుని కూర్చున్నాడు. ఈలలు వేస్తున్నట్టు ఆయన ఊపిరి ఒక్కటే వినబడుతోంది.

"సంధ్యా, చాయ్ పొయ్యి" అంది లస్మవ్వ లేస్తూ. చాట తీసుకుని లోపలికి పోయింది. తాళంచెవి చాటలోనే పోయింది. వాళ్లు చాయ్ తాగి వెళ్లేదాకా ఆమె మళ్లీ బయటికి రాలేదు.

ఇంటికి వచ్చాక భూపాల్ ప్యాకేజీ మళ్లీ తెరిచాడు. 'చిన్న సవరణ' అన్న మాట కొట్టేసి, జరిగింది జరిగినట్టు రాశాడు: సొంత అరలోని లైబ్రరీని అందరిదిగా చాటడం వల్ల ఇంకో ప్రోగ్రాము రెండు రోజులు ఆగింది. తప్పు ప్యాకేజీ కట్టినవాడిది. కింద తేదీ, తన పేరు. ఆ వరుసను ఎవరూ చదవరని అతనికి తెలుసు.

మొదటి బతుకమ్మ పేర్చే రోజు, పెత్రామాస నాడు, సంధ్యారాణి ఫోను చేసింది. పని గురించి కాదు. "అన్నా, అమ్మ ఈ ఏడు నాయినకు కల్లు పోసింది. విస్తరి ముందట కూసోని చానసేపు ఏదో మాట్లాడింది. నన్ను బయటికి పొమ్మన్నది."

భూపాల్ అది తండ్రికి చెప్పాడు. రాజం చెయ్యి నడుము దగ్గరికి పోయి, అక్కడేమీ దొరక్క ఆగింది. "నన్నేమన్న అన్నదా?" అన్నాడు.

"ఏమనలే బాపు."

"అనదు" అని కళ్లు మూసుకున్నాడు.

మరుసటి ఏడు చలికాలంలో రాజం పోయాడు. రాష్ట్రం వచ్చేది ఖాయమని వీధుల్లో రంగులు చల్లుకుని, ఆ రంగులు ఇంకా గోడల మీద ఉన్న రోజులు. రామకృష్ణాపూర్ నుంచి సంధ్యారాణి ఒక్కతే వచ్చింది. "అమ్మను రమ్మన్న. రాను అన్నది" అని చెప్పింది, ఏదీ దాచకుండా. భూపాల్ తల ఊపాడు.

స్నానం చేయించేటప్పుడు మొలతాడు తెంపారు. తాళంచెవి ఆనిన చోట, ఎడమ నడుము మీద, అరవేలంత నల్లటి గుర్తు ఉంది. నీళ్లు పోస్తున్నవాళ్లు మురికి అనుకుని రుద్దబోయారు. "అది పోదు, ఉండనియ్యి" అన్నాడు భూపాల్.